కథ ఆగితే తప్పేంటి? ఈమధ్య చదివిన నవలలు, చూసిన పద్యనాటకాలు

బొంకులదిబ్బ (విజయనగరం)

ఈ వేసవంతా నవలలు చదవడం, దగ్గర్లో ఎక్కడ నాటకం వేస్తున్నారని తెలిసినా వెళ్లి కూర్చోవడం, ఇదే పని. రెండూ ఒకేసారి నడవడంతో బుర్రలో ఒక తగువు మొదలైంది. ఇక్కడ పెడుతున్నాను. తిట్టేవాళ్లు తీరిగ్గా తిట్టండి.

పద్యనాటకంలో పద్యం ఎత్తుకున్నారంటే కథ ఆగినట్టే. రాయబారంలో కృష్ణుడు అడగాల్సింది అయిదూళ్లు. ఇస్తావా, ఇవ్వవా? రెండు ముక్కల్లో తేలిపోయే వ్యవహారం. రాత్రి ఎంత పొద్దుపోయినా తేలదు. అయినా కుర్చీలోంచి ఒక్కరూ లేవరు. కొత్త నవలల్లో కథ ఆగితే మాత్రం నేను పేజీలు గబగబా తిప్పేస్తున్నాను. ఎందుకా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది. నాటకంలో కథ ఆగేది పాత్ర మనసు విప్పడానికి. నవలలో కథ ఆగేది రచయిత తను సేకరించిన సమాచారమంతా మనకి అప్పజెప్పడానికి. శిస్తు ఎంత, కరువు ఏ ఏడు, పెళ్లి తంతు ఎలా జరిగేది. అప్పటిదాకా మాట్లాడుతున్న మనిషి నోరు మూసుకుని పక్కకు తప్పుకుంటాడు, రచయిత మైకు అందుకుంటాడు.

అన్నీ అలా ఉన్నాయనడం లేదు. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం'లో గొర్రెల గురించి, నల్లమల గురించి ఎంత వివరముందో చదివినవాళ్లకు తెలుసు. ఒక్క లైను కూడా వదలబుద్ధి కాలేదు. ఆ వివరం తెలియకపోతే ఆ కుర్రాడు అడవిలో బతకడు, అందుకు. బండి నారాయణస్వామి 'శప్తభూమి' నాకు సగమే నచ్చింది. పాలెగాళ్ల కాలం నాటి సీమ కళ్లకు కట్టినట్టుంది గానీ, కొన్నిచోట్ల మనుషుల కంటే చరిత్ర ముందు నడిచింది. దానికి 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కదా అంటారు, వచ్చింది. నా ఆవలింత నాది.

మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం' మాత్రం వేరే లెక్క. దేవదాసీ కుటుంబాల ఆడవాళ్లు, కచేరీలు, సంగీతం. విషయం చూస్తే పాఠం చెప్పడానికి బోలెడు వీలున్న నవల. చెప్పలేదు. అందుకే దాన్ని మెచ్చుకుంటాను.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

మాస్టారూ, నవలల సంగతి ఒప్పుకుంటాను. నాటకాల మీద మీకున్న భక్తితోనే పేచీ. పద్యంలో పాత్ర మనసు విప్పుతుందన్నారు. మనసు విప్పేది పాత్రా, నోరు విప్పేది నటుడా?

మొన్నామధ్య మా దగ్గర ఒక ఊళ్లో పండక్కి నాటకం వేయించారు. కృష్ణుడు పద్యం మొదటి పాదం చెప్పి రాగం అందుకున్నాడు. అందుకున్నవాడు దింపడే. జనం చప్పట్లు కొట్టేదాకా లాగాడు, కొట్టాక ఇంకాస్త లాగాడు. ఈలోగా దుర్యోధనుడు సింహాసనం మీద కూర్చుని కిరీటం సర్దుకుని, మీసం ఊడిపోకుండా నొక్కుకుని, సైడ్ వింగులోకి చూసి ఎవరినో మంచినీళ్లు అడిగాడు. రాగం ముగిసేసరికి మైకులో 'ఫలానా వారు కృష్ణుడి పాత్రధారికి అయిదు వందల రూపాయలు చదివించారు' అని ప్రకటన. కృష్ణుడు కౌరవసభలోంచే చేతులు జోడించి ఆయనకి దండం పెట్టాడు. ఇందులో పాత్ర ఎక్కడుందో చూపించండి.

ఇంకోటి. మొదటి సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, యుద్ధానికి మరొకాయన. ఒకే రాత్రి ముగ్గురు మారే పాత్రకి మనసెక్కడిది?

ఏడురోడ్ల_కూడలి (శ్రీకాకుళం)

అలగనకు గట్టూ, మా ఊళ్లో రెండో కృష్ణుడి కోసమే జనం వస్తారు. మొదటాయన ఉన్నంతసేపూ పకోడీ కొట్టు దగ్గరే ఉంటారు.

అది సరే, పైన చెప్పిన పుస్తకాలు శ్రీకాకుళంలో ఎక్కడ దొరుకుతాయి? బజారులో అడిగితే పోటీ పరీక్షల గైడ్లు చూపిస్తన్నారు.

అయ్యకోనేరు (విజయనగరం)

కూడలి గారూ, ఫోన్లో ఆర్డర్ పెట్టుకోవడమే మంచిది, లేదంటే పుస్తక ప్రదర్శన దాకా ఆగాలి. చదవడానికైతే మీ ఊళ్లోనే కథానిలయం ఉంది. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు గారు) 1997లో పెట్టింది. కాకపోతే అక్కడ ప్రధానంగా కథలు, పాత పత్రికలు.

ఇక అసలు విషయం. మీ ఇద్దరూ పద్యనాటకం దగ్గరే ఆగిపోయారు. విజయనగరంలో కూర్చుని నవల గురించి, నాటకం గురించి మాట్లాడుతూ కన్యాశుల్కం ఎత్తకపోవడం ఏమిటి? బొంకులదిబ్బ అని పేరు పెట్టుకున్నందుకైనా ఎత్తాలి కదా, మొదటి రంగం జరిగేది అక్కడే!

ఆ నాటకం 1892లో మన ఊళ్లో ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని తిరగరాశారు. ఇప్పుడు మనం చదువుతున్నది ఆ రెండోదే. దాన్ని యథాతథంగా ఒక పూటలో ఆడడం ఎవరివల్లా కాదు, ఎవరు వేసినా కత్తిరించుకునే వేయాలి. కత్తిరించేవాళ్లు మొదట ఏం తీసేస్తారో గమనించారా? కథ ఆగే చోట్లు. చిన్న పాత్రల కబుర్లు, పేకాట దగ్గర మాటలు, దారినపోయేవాళ్ల వాదనలు. అవి తీసేస్తే మిగిలేది గిరీశం కామెడీ. హాల్లో నవ్వులు బాగానే వస్తాయి గానీ, ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే తెలుస్తుంది ఎంత పోయిందో. కన్యాశుల్కం నా దృష్టిలో నాటకం వేషం వేసుకున్న నవల. కథని ఆపడమెలాగో నేర్చుకోవాలంటే కొత్త నవలా రచయితలు దాన్ని చదవాలి. అక్కడ ఎవడు ఆపినా తన స్వార్థం కోసమే ఆపుతాడు. రామప్పపంతులు ఒక ముక్క ఎక్కువ మాట్లాడాడంటే ఎవరికో టోపీ పెడుతున్నాడన్నమాట.

హార్మనీ_మాస్టారు (రాజాం)

నాగావళి బాబు చెప్పింది అబద్ధం కాదు. అలాంటి కృష్ణుల పక్కన నేనూ కూర్చున్నాను. చాలా ఏళ్లు హార్మనీ వాయించాను కాబట్టి, స్టేజీ పక్కనుంచి కనబడేది కొంచెం చెబుతాను.

మంచి నటుడు పద్యం ఎత్తుకునే ముందు మన వైపు చూడడు. చేతి వేలు కొంచెం కదుపుతాడు, అంతే. అప్పుడు శ్రుతి అందించాలి. పద్యంలో మాట వస్తున్నంతసేపూ మన వేళ్లు తగ్గే ఉండాలి. మాట పూర్తయ్యాక ఆయన గుక్క తీసుకునే చోటుంటుంది చూశారా, అక్కడ మనం నింపాలి. ఆ గుక్కలో నటుడు ఎదుటి పాత్ర మొహంలోకి చూస్తాడు. దుర్యోధనుడికి మాట తగిలిందా, లేదా అని. తగిలినట్టు కనబడితే రాగం చిన్నదిగా తీసి ముగిస్తాడు. తగల్లేదనిపిస్తే ఇంకో మెట్టు పైకి వెళ్తాడు. రాగమంటే అక్కడ వాదనే. మాటతో లొంగనివాణ్ణి స్వరంతో ఒత్తడం.

చెడ్డ నటుడు గుక్క తీసుకుంటూ జనం వైపు చూస్తాడు. తేడా అంతా ఆ చూపులోనే ఉంది. జనం వైపు చూశాడంటే ఇక మనకి తెల్లారిందే. హార్మనీని కూడా పోటీకి పిలుస్తాడు. నేను ఒకటి వాయిస్తే ఆయన ఇంకోటి పాడతాడు, జనం వన్స్ మోర్. నిజం చెప్పాలంటే ఆ పోటీ మాకూ సరదాగానే ఉండేది. డబ్బులు కూడా అప్పుడే పడేవి. కాంట్రాక్టరు ఇచ్చే దాంతో చార్జీలకే సరిపోయేది. చదివింపుల్ని ఎగతాళి చేసేముందు ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకో బాబూ.

పీసపాటి నరసింహమూర్తి గారు మన బలిజిపేట వైపు వారు. ఆయన కృష్ణుడి రికార్డింగులు ఇప్పటికీ దొరుకుతాయి. ఒకసారి పెట్టుకుని విను. మాట ఒక్కటి కూడా మింగరు. ముగ్గురు కృష్ణుల గురించి అడిగావు. ఆ ముగ్గురూ మూడు రకాలుగా వాదిస్తారు, అది చూడ్డానికే జనం కూర్చుంటారు. కథ వాళ్లకి చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసిన కథలో ఎవరు ఏం చేస్తారన్నదే వాళ్లకి కావాలి.

టెక్కలి_టు_టెక్సాస్ (డల్లాస్)

మాస్టారు చెప్పిన ఆ చూపు గురించి చదివి కుర్చీలోంచి లేచాను. ఇక్కడి మ్యూజికల్స్ (పాటలతో నడిచే నాటకాలు) చూసినప్పుడు నాకు మాటల్లో పెట్టడానికి దొరకనిది అదే.

బొంకులదిబ్బ గారి వాదానికి ఒక సాక్ష్యం, ఒక ఎదురు సాక్ష్యం తెచ్చాను. సాక్ష్యం 'లే మిజరబుల్'. మనవాళ్లకి 'బీదల పాట్లు' సినిమాగా తెలిసిన కథే. 1862లో విక్టర్ హ్యూగో రాసిన ఆ నవలలో వాటర్లూ యుద్ధం గురించి పేజీలకు పేజీలు, ప్యారిస్ మురుగు కాలవల చరిత్ర గురించి ఇంకొన్ని. కథ ఎక్కడికక్కడ ఆగిపోతుంది. 1985లో లండన్‌లో మొదలై ఇప్పటికీ ఆడుతున్న మ్యూజికల్ అవన్నీ ఎత్తేసింది. వాటి చోట ఏముంది? పాటలు. దొంగతనం చేసి బిషప్ దయవల్ల బయటపడ్డవాడు ఒక్కడే నిలబడి, నేనెంత పని చేశాను అని పాడుకుంటాడు. కథ అంగుళం కూడా కదలదు, మనిషి మాత్రం మారిపోతాడు. మొదట్లో విమర్శకులు ఆ నాటకాన్ని చీల్చి చెండాడారు, జనం మాత్రం టికెట్లు కొంటూనే ఉన్నారు.

ఎదురు సాక్ష్యం 'హామిల్టన్', 2015. అమెరికా తొలి ఆర్థికమంత్రి హామిల్టన్ మీద ఎనిమిది వందల పేజీల జీవిత చరిత్ర చదివి లిన్ మాన్యుయెల్ మిరండా కట్టిన నాటకం. అందులో అమెరికా అప్పులు ఎవరు తీర్చాలనే విషయం మీద మంత్రుల వాదన ఉంటుంది. మీరు ఆవలించే శిస్తుల బాపతు సమాచారమే. దాన్ని ఇద్దరు మనుషులు మైకులు పట్టుకుని ర్యాప్‌లో దెబ్బలాడుకుంటారు. హాలంతా ఊగిపోయింది. కాబట్టి సమాచారం తప్పు చేయలేదు గురువుగారూ. దాని వెనక ఎవరి పరువు పోతుందో చూపించకపోవడమే తప్పు.

బొంకులదిబ్బ (విజయనగరం)

బాగుంది. నేను కొండపొలం గురించి చెప్పిందీ అదే కదా, ఆ వివరం మీద ఒకడి ప్రాణం ఆధారపడి ఉండాలి. ఆ లెక్కన రాయబారం కూడా ఆస్తి పంపకాల చర్చే. దాన్ని తిరుపతి వేంకట కవులు పద్యాల్లో పెడితే పల్లెల్లో పశువులు కాసుకునేవాళ్లు కూడా కంఠతా పట్టారు.

కానీ హ్యూగో విషయంలో మీ సాక్ష్యాన్ని కొంచెం తిప్పి చూడాలి. పాటలకి చోటు కావాలి కాబట్టి మ్యూజికల్ ఆ కాలవల చరిత్ర తీసేసింది. నవలలో వాటిని చదివినవాడికి, తర్వాత ఒకడు గాయపడ్డ కుర్రాణ్ణి మోసుకుంటూ ఆ మురుగులో నడుస్తుంటే వాసన తెలుస్తుంది. నవలకి ఆ హక్కుంది. మన రచయితలు ఆ హక్కు వాడుకుంటున్నారు గానీ తర్వాత ఆ కాలవలో ఎవర్నీ నడిపించడం లేదు. నా బాధ అదీ.

పాలకొండ_పాఠకుడు (పాలకొండ)

ఇంతసేపూ చదువుతున్నాను. కథ ఆపే విద్యలో మన వైపు ఒక మహానుభావుడున్నాడు, ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆదిభట్ల నారాయణదాసు. బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే దానికి మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. హరికథలో ఒక్కడే మనిషి. కాళ్లకి గజ్జెలు, చేతిలో చిరతలు. పాత్రలన్నీ ఆయనే, పాటా ఆయనదే, ఆటా ఆయనదే. రుక్మిణి బాధపడుతుంటే మధ్యలో కథ ఆపి ఒక పిట్టకథ చెప్పి జనాన్ని నవ్వించి, ఆ నవ్వు ఆరకముందే మళ్లీ రుక్మిణి దగ్గరికి తీసుకెళ్లాలి. తిరిగొచ్చేసరికి ఆ బాధ ఇంకా ఎక్కువ కనిపించాలి. లేకపోతే పిట్టకథ దండగ. ఇప్పటి నవలల్లో పిట్టకథలకి లోటు లేదు, తిరుగు ప్రయాణమే కనబడదు.

మన వైపు జానపద నృత్యనాటకం తూర్పు భాగవతం కూడా చూడండి. సత్యభామ తెర వెనకనుంచి ముందు జడ మాత్రమే వేస్తుంది. ఎవరామె, ఏం కథ అని తేలేసరికి సగం రాత్రి. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడన్న ఒక్క ముక్క మీద రాత్రంతా నడుస్తుంది. ఆడేవాడు మగాడు. మృదంగం వాయించేవాడు మధ్యమధ్యలో ఆమెను గుచ్చి అడుగుతుంటాడు. ఆమె సమాధానం చెబుతూ ఉడుక్కుంటుంది. కథ ఏమీ లేకుండా అంత సేపు నిలబెట్టడం చిన్న విషయం కాదు.

నవలల్లో అట్టాడ అప్పల్నాయుడు 'బహుళ' చెప్పలేదేం? మన పల్లెల తరాల కథ. బొంకులదిబ్బ గారి లెక్కలో అందులోనూ రచయిత అక్కడక్కడా మైకు అందుకుంటాడు, కాదనను. అయినా మన మాట వినబడుతుంది. మా వైపు ముసలమ్మలు మాట్లాడినట్టు అందులో మనుషులు మాట్లాడుతుంటే నేను విసుక్కోలేకపోయాను. అది పక్షపాతమంటే ఒప్పుకుంటాను.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

మాస్టారు చెప్పిన రికార్డింగు విన్నాను. బాగుంది. అయినా నా పేచీ పోలేదు.

కథ ఆపే హక్కు నటుడి చేతికిస్తే ఏమవుతుందో చింతామణి చూడండి. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యసనం మీద రాసిన నాటకం. దాన్ని సుబ్బిశెట్టి పాత్రధారులు చేతికొచ్చినట్టు సాగదీశారు. రాసినాయన రాయని బూతు జోకులు, రాయని వేషాలు. కొన్నిచోట్ల సుబ్బిశెట్టి సీను కోసమే నాటకం అన్నట్టయింది. చివరికి ఆ పాత్ర తమని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడం, 2022 జనవరిలో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించడం. నిషేధం నాకు నచ్చలేదు, అది వేరే సంగతి. కానీ ఆపడానికి హద్దు లేకపోతే రాసినవాడి మాట పోతుంది.

హార్మనీ_మాస్టారు (రాజాం)

అది నిజమే బాబూ. అలాంటి సీన్లకి వాయించాల్సి వచ్చినప్పుడు తల దించుకునే వాయించేవాణ్ణి.

కానీ అదే చేరికల్లోంచి మంచి కూడా వచ్చింది. హరిశ్చంద్ర కాటి సీను తీసుకో. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కాటిలో మనం ఎదురుచూసే పద్యాలు జాషువా గారి 'శ్మశానవాటి'లోవి. అవి ఆయన ఖండకావ్యంగా రాసుకున్నవి, ఆ నాటకం కోసం కాదు. నటులే తెచ్చి కలిపారు. డి.వి. సుబ్బారావు గారు పాడుతుంటే జనం లేచి వెళ్లడం నేను చూడలేదు. కథ అక్కడ పూర్తిగా ఆగిపోతుంది. పెళ్లాం వస్తుంది, కొడుకు శవం వస్తుంది, అది అందరికీ తెలుసు. ఈలోగా ఒక మనిషి బూడిద మధ్య నిలబడి కవులు, రాజులు, ఇల్లాళ్లు అందరూ ఇక్కడికే వచ్చారని తలుచుకుంటాడు. ఆ తర్వాత చంద్రమతి వచ్చినప్పుడు, కాటి సుంకం అడిగేవాడి గొంతు వేరేగా వినబడుతుంది. పాలకొండ వారు చెప్పిన తిరుగు ప్రయాణం అదే.

అయ్యకోనేరు (విజయనగరం)

అయితే ఒక పందెం. ఈమధ్య వచ్చిన నవలల్లో పాటలతో నాటకం కట్టాలంటే దేన్ని ఎంచుకుంటారు? నా ఓటు మనోధర్మపరాగానికి. పాడే మనుషులే పాత్రలు, కాబట్టి పాటకి సాకు వెతకనక్కర్లేదు.

టెక్కలి_టు_టెక్సాస్ (డల్లాస్)

నేను దానికి ఓటెయ్యను మేడమ్. పాటగాళ్ల కథలో పాట కచేరీ అయిపోతుంది. జనం గొంతు బాగుందో లేదో చూస్తారు గానీ పాత్రని వినరు. నాగావళి గారి కృష్ణుడి జబ్బే మళ్లీ వస్తుంది. పాట రాకూడని మనిషి పాడితేనే బలం. నా ఓటు కొండపొలానికి. గొర్రెల కాపరికి పులి ఎదురైన రాత్రి ఒక్క పాట చాలు.

ఏడురోడ్ల_కూడలి (శ్రీకాకుళం)

కొండపొలం సినిమా వచ్చింది కదండీ 2021లో. అందులోనూ పాటలున్నాయి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

సినిమా పాట వేరు కూడలీ. అక్కడ పాట వస్తే కెమెరా కొండలెక్కి తిరుగుతుంది. స్టేజీ మీద ఎక్కడికీ పోవడానికుండదు, పాడేవాడు అక్కడే నిలబడి తేల్చుకోవాలి.

నా ఓటు కారా మాస్టారి 'యజ్ఞం'కి. నవల కాదు, పెద్ద కథ, ఈమధ్యదీ కాదు, నాకు తెలుసు. అయినా పంచాయితీ మొత్తం అప్పు లెక్కలే. టెక్సాస్ గారు హామిల్టన్‌లో చెప్పినట్టు ఆ లెక్కలే పాడించాలి. పెద్దమనుషులు పద్యాల్లో, అప్పు పడ్డవాడు మామూలు మాటల్లో. చివరికి వచ్చేసరికి అతను కూడా పద్యం అందుకోవాలా, వద్దా అన్నది నాకు తెగడం లేదు.

పాలకొండ_పాఠకుడు (పాలకొండ)

వద్దు. అందరూ పాడుతుంటే అతనొక్కడూ పాడకూడదు.

బొంకులదిబ్బ (విజయనగరం)

పాడాలి. ఒక్క పాదం. రాగం లేకుండా.

హార్మనీ_మాస్టారు (రాజాం)

రాగం లేకపోయినా శ్రుతి ఉండాలి కదండీ. పెద్దమనుషులందరికీ నాలుగు శ్రుతి పెట్టి, ఇతనికి ఒకటిన్నర పెడదాం. ముందు ఆ పెద్దమనుషుల పద్యాలు రాసేవాళ్లెవరో తేల్చండి. చందస్సు తెలిసినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?

అయ్యకోనేరు (విజయనగరం)

మా స్కూల్లో తెలుగు పండిట్ గారున్నారు, కంద పద్యమైతే నిలబడ్డపాటున చెప్పేస్తారు. కాకపోతే ఆయన అప్పు ఇచ్చినవాడి పక్షం. రేపు అడిగి చెబుతాను.